కరెంటు వచ్చాక నాలుగు నిమిషాలు

పోయిన మంగళవారం పొద్దున మా ఆసుపత్రి వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. "మన సిస్టం సారు ప్రభువునందు నిద్రించారు. రేపు పదింటికి పుంగనూరులో భూస్థాపన." నేను నమ్మలేదు. ఇదే గ్రూపులో బతికున్న ఒక రిటైర్డ్ నర్సమ్మకు రెండుసార్లు శ్రద్ధాంజలి ఘటించారు. సారు నంబరుకు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఆయన వీధిలోనే ఉండే మా ఫార్మసీ అమ్మాయికి చేశాను. ఆ పిల్ల ఏడుస్తూ అవునంది. అప్పటికీ ఆయన భార్య గొంతు వినేదాకా మనసొప్పలేదు. ఒకరు చెబితే పుకారు, ఇద్దరు చెబితే అనుమానం, మూడోవాళ్ళు కూడా చెబితే అప్పుడు రాసుకో అని నాకు నేర్పింది ఆ సారే.

ఆయన కుప్పంలో పుట్టి, పుంగనూరులో ఇల్లు కట్టుకుని, రోజూ బస్సులో మదనపల్లె వచ్చేవారు. మాది చిన్న ఆసుపత్రి. అక్కడి కంప్యూటర్లన్నిటినీ ఆయన లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిపేవారు. దాని లోపల రాసిందంతా ఎవరైనా తెరిచి చదవొచ్చు, చేతనైతే బాగు చేయొచ్చు. ఆయనకు అదంటే ఇష్టం అందుకే. మూత తీసి చూడనివ్వని వస్తువును ఆయన నమ్మేవారు కాదు. క్యాంటీన్‌లో టీ కాచే గిన్నెలోకి తొంగిచూశాకే గ్లాసు అందుకునేవారు.

కొత్త వెర్షన్ వస్తే స్టోర్ రూములో మూలనున్న పాత కంప్యూటర్ మీద వేసి వదిలేసేవారు. "వారం కాపరం సేస్తే గానీ దీని గుణం తెలీదమ్మా" అనేవారు. మరమ్మతు చేసేటప్పుడు ఒకసారికి ఒక్కటే మార్చేవారు. "రెండు మారిస్తే ఏది దొంగో తెలీకుండా పోతాది." గదికి తాళం వేసి మూడుసార్లు లాగి, గేటు దాకా పోయి, మళ్ళీ వచ్చి ఇంకోసారి లాగేవారు. అనుమానం పెనుభూతమంటారు, మా సారు ఆ భూతానికి రోజూ టిఫిన్ పెట్టి పెంచుతున్నారని నేనే ఒకసారి అన్నాను. ఆ మాట ఆయన దాకా పోయింది. నవ్వి ఊరుకున్నారు.

ఆరేళ్ళ కిందట ఆ భూతం నా మీదికే వచ్చింది. నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. రక్తం తీసి, కంప్యూటర్ ఇచ్చిన నంబరును గొట్టం మీద అతికించి, పరీక్ష చేయడం నా పని. ఒకరోజు పెద్ద డాక్టరమ్మ నన్ను పిలిచి రెండు రిపోర్టులు ముందు పెట్టారు. ఒకటి కలకడ రెడ్డెమ్మది, ఇంకొకటి వి.కోట రెడ్డెమ్మది. మా వైపు రెడ్డెమ్మలు వీధికి ఇద్దరుంటారు, పేరు కలవడం వింతేమీ కాదు. కానీ రెండింటి మీదా నంబరు ఒకటే, షుగరు అంకె కూడా ఒకటే. వి.కోట ఆమెకు షుగరున్నట్టు పాత చీటీలున్నాయి. కలకడ ఆమెకు ఎప్పుడూ లేదు. ఆమె ముందురోజే షుగరు మాత్రలు తీసుకుని ఇంటికి వెళ్ళిపోయింది. లేని జబ్బుకు అవి మింగితే ప్రాణానికే ముప్పు. ఆమె ఇచ్చిన ఫోన్ నంబరు కలవలేదు.

"నువ్వే కలగలిపేసినావా?" అన్నారు డాక్టరమ్మ. లేదన్నాను. గదిలో ఎవరూ నమ్మినట్టు లేరు. మూడు రోజుల్లో తేల్చమని సారుకు అప్పగించారు. నాది కాదని తేలకపోతే నా ఉద్యోగం పోతుంది. మర్నాడు పొద్దున కలకడకు కబురందిందన్నారు. నా గొడవలో నేనుండి, ఎట్లా అందిందని అడగలేదు.

అప్పగించిన రోజే సారు నా పక్కన కుర్చీ వేసుకున్నారు.

"ఆ పొద్దు ఏం నొక్కినావో మళ్ళా నొక్కు."

"మామూలుగానే నొక్కినాను సార్."

"మామూలు నాకొద్దు. వేలు యాడ పెట్టినావో అది సెప్పు."

"నన్ను అనుమానిస్తాండారా సార్?"

"నిన్నూ అనుమానిస్తాండా. తీగనూ, మిషన్నూ, అన్నిటినీ."

రెండోరోజు సాయంత్రానికి ఏడ్చేశాను. ఆయన ఓదార్చలేదు. నీళ్ళ సీసా నా వైపు జరిపి, "తాగి మొదట్నుంచి సెప్పమ్మా" అన్నారు. ఆ రోజు ఆయన మీద పుట్టిన కోపాన్ని ఇప్పుడు దాచుకోను. చాలా రోజులు అది నాలో ఉండింది.

మూడోరోజు ఆయన నంబర్లిచ్చే ఆ కంప్యూటర్ మిషన్ నడుస్తుండగానే ప్లగ్గు పట్టుకుని లాగేశారు. మళ్ళీ పెట్టి, అది లేవగానే నంబరు తీయమన్నారు. తీశాను. ఇంకోసారి లాగి, ఇంకోసారి తీయించారు. రెండుసార్లూ ఒకే నంబరు వచ్చింది. మిషన్ లోపల తేదీని గుర్తుపెట్టుకునే చిన్న బ్యాటరీ చచ్చిపోయి ఉంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అది ఒకే పాత తేదీతో లేచి, కాసేపటికి నెట్ నుంచి సరైన తేదీ తెచ్చుకునేది. మా నంబర్లు తేదీని బట్టి వస్తాయి. ఆ కాసేపట్లో ఇద్దరు రెడ్డెమ్మలూ వేరువేరు రోజుల్లో ఒకే నంబరు మీద పడ్డారు, రెండో ఆమె ఫలితం మొదటి ఆమె ఫలితాన్ని చెరిపేసింది. సరైన తేదీ వచ్చేదాకా ల్యాబ్ ప్రోగ్రాం తెరుచుకోకుండా మొదట్లో ఒక కాపలా ఉండేది. దానికి నాలుగు నిమిషాలు పట్టేది. ఆ కాపలా తీసేసింది సారే.

తీసేయమని అడిగింది నేను. కరెంటు వచ్చినాక కూడా నాలుగు నిమిషాలు నిలబడాల్నా, పేషెంట్లు అరుస్తాండారు సార్ అని నెలరోజులు ఆయన వెంటపడ్డాను.

డాక్టరమ్మ గదిలో సారు జరిగిందంతా చెప్పారు. ఎందుకు తీసేశారని ఆమె అడిగారు. "తొందరగా లేస్తాదని తీసినానమ్మా. తప్పు నాదే." గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను కొంగు సర్దుకున్నాను. ఆయన నా వైపు చూడలేదు. నేను నోరు విప్పలేదు. నా ఉద్యోగం నిలబడింది, ఆయన చేతికి మెమో వచ్చింది.

కాపలా మళ్ళీ పెట్టి ఆయన ఊరుకోలేదు. తేదీ వెనక్కి పోతే మిషనే ఆ సంగతి చెప్పి ఆగిపోవాలని, లినక్స్‌ను బాగుచేసేవాళ్ళకు రాశారు. తమ దగ్గర ఆ తప్పు రావడం లేదని జవాబొచ్చింది. ఆయన కుప్పంలో తమ్ముడింట్లో ఒక పాత కంప్యూటర్ బ్యాటరీ పీకి, ఆదివారమంతా ప్లగ్గు లాగుతూ పెడుతూ, ప్రతిసారీ ఏమైందో రాసి పంపారు. చివరికి ఆయన రాసిన నాలుగు వరుసలు వాళ్ళు తీసుకున్నారు. స్వీట్లు తెస్తారనుకున్నాం. "ఇంకో తప్పు యాడ పెట్టినానో" అని ఆ నాలుగు వరుసలే మళ్ళీ చదువుతూ కూర్చున్నారు.

ఇన్నేళ్ళూ నాకొక అనుమానం. తప్పు తనదని ఆయనకు ఎప్పుడు తెలిసింది? మొదటిరోజే తెలిసి, తను తప్పించుకునే దారి వెతుకుతూ నన్ను రెండు రోజులు వేపుకు తిన్నారేమో. అడగలేదు. నేను అడిగితే ఆయనా నన్నొకటి అడుగుతారని భయం.

పుంగనూరులో అందరం మన్ను వేసి వస్తుంటే, ఒక పెద్దామె దూరంగా నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. బంధువుల్లో ఆమెను ఎరిగినవాళ్ళు లేరు. ఎవరో ఏమోనని దగ్గరికి పోయి అడిగాను.

"యా ఊరమ్మా మీది?"

"కలకడ. నా పేరు రెడ్డెమ్మ."

సారు ఎట్లా తెలుసని అడిగాను.

"మాత్రలు తెచ్చుకున్న మర్నాడు సందేళ వచ్చినాడమ్మా, ముగ్గురు రెడ్డెమ్మల ఇండ్లు తిరిగి. నేను ఒగటి మింగి, తల తిరగతాంటే పండుకోనుండా. అవి ముట్టద్దు, తప్పు నాది అని చక్కెర నీళ్ళు కలిపి తాపిచ్చినాడు. నేను లేసి కూసునేదాకా కదల్లేదు. అప్పట్నుంచి ఏడాదికొక తూరి వచ్చి సూసి పోతాండె."

అంటే తప్పు తనదని ఆయనకు మొదటిరోజు సాయంత్రమే తెలుసు. నా పక్కన కుర్చీ వేసుకుని వేలు యాడ పెట్టినావని అడిగిన రోజే. తెలిసింది చాలదు, రుజువు కావాలని ఆగారా? లేక డాక్టరమ్మ ముందు నిలబడడానికి భయపడ్డారా? మొదటిదే నమ్మాలని ఉంది, కానీ ఖాయంగా చెప్పలేను. అన్నిటినీ అనుమానించిన ఆ మనిషి, ఆ రోజు నువ్వెందుకు మాట్లాడలేదని మాత్రం నన్ను ఒక్కసారీ అడగలేదు. అందుకు ఆయనకు దండం పెట్టుకున్నాను.

రెడ్డెమ్మా నేనూ ఒకే బస్సు ఎక్కాం. ఆమె కిటికీ వైపు జరిగి, నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"నువ్వు సారుకు ఏమైతావమ్మా?"

"ఆ మిషన్ తొందరగా లేవాలని ఆయన్ను అడిగింది నేనేనమ్మా. మీకు ఆ మాత్రలొచ్చింది నా వల్ల. ఇంతవరకూ ఎవరికీ సెప్పలేదు."

ఆమె నా ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత కిటికీ వైపు తిరిగింది. మదనపల్లె దాకా నా చెయ్యి మాత్రం వదలలేదు.