మామయ్య కోసం బాతులు చూసిన చలికాలం

చలికాలం అంటే నాకు ఒక వెదురుకర్ర గుర్తొస్తుంది. ఒక కొస నా చేతిలో, రెండో కొస మా మామయ్య చేతిలో. డెబ్బైల్లో కొల్లేటి ఒడ్డున ఒక పల్లె బడిలో పంతులమ్మగా ఉండేదాన్ని. అది నా అత్తవారి ఊరు కూడా. రోజూ తెల్లారకముందే ఆ కర్ర పట్టించి ఆయన్ని గట్టు మీదికి నడిపించుకెళ్ళేదాన్ని, బాతుల్ని చూడ్డానికి.

నేను మంగళగిరి మగ్గాల ఇంట్లో పుట్టినదాన్ని. బాతంటే బాతే అనుకునేదాన్ని. అత్తవారిది చేపలు పట్టే కుటుంబం. వయసులో ఉండగా మామయ్య అడవి బాతుల్ని కూడా పట్టేవారు, అదీ కుండలతో. ముందు వారం రోజులు ఉత్త కుండల్ని నీళ్ళమీద వదిలేసేవారట. బాతులు వాటికి అలవాటుపడి పక్కనే మేసేవి. అప్పుడు ఈయన కళ్ళ దగ్గర రెండు బెజ్జాలున్న కుండ తలకి బోర్లించుకుని, మెడలోతు నీళ్ళలో మెల్లగా వెళ్ళి, కాళ్ళు పట్టి కిందకి లాగేవారు. "నమ్మేదాకా ఆగాలమ్మాయ్. పనంతా అదే" అనేవారు. అత్తయ్య పోయాక పట్టడం మానేశారు గానీ చూడ్డం మానలేదు.

ఆ ఏడు వానాకాలంలో బెజవాడ తీసుకెళ్ళి కళ్ళు చూపించాం. నరం ఎండిపోతోంది, ఆపరేషన్ చేసినా లాభం లేదు, ఈ మసక చూపు ఇంకో ఆర్నెల్లు ఉంటే గొప్ప అన్నారు డాక్టరుగారు. తిరుగు బస్సులో మామయ్య ఒక్కటే అడిగారు. "బాతులొచ్చేదాకా ఉంటాయంటావా అమ్మాయ్, ఈ కళ్ళు?" ఉంటాయన్నాను. రోజూ నేనే తీసుకెళ్తానని కూడా అన్నాను. నోటిమాటకేం, ఎన్నైనా చెప్పొచ్చు.

మా ఆయన బెజవాడ ఆటోనగర్‌లో లారీలు బాగుచేసే షెడ్డులో పనిచేసేవారు. శనివారం వచ్చి సోమవారం మొదటి బస్సుకి వెళ్ళిపోయేవారు. ఇద్దరు పిల్లలు, పొయ్యి, నీళ్ళ బిందెలు, ఐదు తరగతులకీ నేనొక్కదాన్నే ఉన్న బడి. వీటన్నిటికంటే ముందు బాతులు. మంచులో నిలబడి ఆయన "ఏం కనపడతన్నాయో చెప్పు" అంటే ఆవలిస్తూ చెప్పేదాన్ని. సూదితోకవి బోలెడు. ఈలేసే చిన్నవి తూటికాడల పక్కన. తలమీద రెండు నల్లచారలున్న పెద్దబాతులు మాత్రం ఇంకా రాలేదు. ఆయన ఎదురుచూపంతా వాటికోసమే. ఎండ పడి నీళ్ళు మెరిస్తే, వాటిమీద నల్లచుక్కలు కదలడం ఆయన కంటికి ఆనేది. అంతమాత్రానికే ముఖం వెలిగిపోయేది. పైనుంచి గుంపు వెళ్తే రెక్కల చప్పుడు విని అవి ఏ బాతులో చెప్పేసేవారు. నాకు ఒళ్ళు మండేది. అన్నీ చెవులతోనే తెలిసే మనిషికి నా నిద్ర పాడుచెయ్యడం ఎందుకని.

కోతలయ్యాక పిల్లదానికి జ్వరం తగిలింది. రెండు రోజులు నడుం వాల్చలేదు. మూడోనాడు తెల్లవారుజామున మామయ్య కర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు.

"బాతులు వెళ్ళిపోయాయి మామయ్యా" అన్నాను. "నిన్న బడి నుంచి వస్తూ చూశాను. ఒక్కటీ లేదు."

శివరాత్రి దాటితేగానీ అవి కదలవని ఆ ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలుసు. "ఎల్లిపోయాయా? సరేలేమ్మా, పడుకో" అని మామయ్య కర్ర గోడకి ఆనించారు. నేను పడుకున్నాను. హాయిగా నిద్రపట్టింది కూడా.

మర్నాడు ఆయన అడగలేదు. ఆ తర్వాతా అడగలేదు.

ఆ ఆదివారం పొద్దున పంచలో టీ తాగుతున్నాం. ఇంటి మీదుగా బరువైన అరుపులతో ఒక గుంపు కొల్లేటివైపు వెళ్ళింది. మా ఆయన గ్లాసు పక్కన పెట్టి లేచారు. "నాన్నా, పెద్దబాతులు! పద, గట్టుకి పోదాం."

మామయ్య తల ఎత్తలేదు. "పెద్దబాతులూ లేదు, ఏం లేదు. చేలల్లో మేపుకునే మందలోళ్ళ బాతులురా అయ్యి. అడివి బాతులు ఎప్పుడో ఎల్లిపోయాయి. అమ్మాయి చూసొచ్చింది."

"పెంపుడు బాతులు ఇంటి మీంచి ఎగురుతాయా?" అని మా ఆయన నవ్వారు.

"నీకు తెలవదు, కూర్చో."

నాకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. తప్పయిందని చెప్పాలనుకున్నాను. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే ఉన్నాను. ఈలోగా బడికి ఇన్‌స్పెక్షన్ వచ్చింది, పిల్లదానికి జ్వరం తిరగబెట్టింది. చివరికి ఒక తెల్లవారుజామున కర్ర ఆయన చేతిలో పెట్టి, "అబద్ధం చెప్పాను మామయ్యా, పదండి" అనేసరికి శివరాత్రి వెళ్ళి పది రోజులైంది.

గట్టెక్కి చూస్తే కొల్లేరు ఖాళీ. పట్టేవాళ్ళెవరో వదిలేసిన కుండలు మాత్రం నాలుగైదు తేలుతున్నాయి. ఎండ పడి నీళ్ళు మెరిశాయి. మామయ్య నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"అయిగో, నల్లగా కదులుతున్నాయి. పెద్దబాతులేగా అమ్మాయ్?"

అవునన్నాను. ఒక్క అరుపు లేదు, రెక్క చప్పుడు లేదు. ఆ సంగతి నాకంటే ఆయనకే బాగా తెలుసు. అయినా చాలాసేపు అటే చూస్తూ నిలబడ్డారు. బడివేళ దాటిపోతున్నా ఆయన్ని కదలమని నేను అనలేదు.