కిటికీ పక్క బల్లకి కాలు విరిగింది

కొండ ఊళ్ళోని గామ్స్ హోటల్ యజమానురాలు ఫిలోమెనా అబద్ధమాడి ఎరగదు. ఆదివారం ఫాదర్ గారి ప్రసంగం సాగదీసినట్టుంటే, చర్చి గుమ్మంలోనే ఆయన మొహం మీద ఆ మాట అనేస్తుంది. సూపులో ఉప్పెక్కువైతే, కొడుకు వండిందని కూడా చూడకుండా, "ఇవాళ ఇది తాగకండి" అని అతిథులకి చాటుతుంది. కానీ బల్లలూ కుర్చీల విషయానికొచ్చేసరికి మాత్రం ఆవిడ నోటికి హద్దూ పద్దూ ఉండదు.

రాత్రి భోజనాల వేళకి ఆ ప్రాంతపు దిర్న్‌డెల్ గౌను మీద తెల్లటి ఏప్రాను బిగించుకుని గుమ్మంలో నిలబడుతుంది. వచ్చినవాళ్ళని ఎగాదిగా చూస్తుంది. వాళ్ళలో ఎవరైనా తనకి నచ్చిన బల్ల వైపు వేలు చూపించారా, అయిపోయారే.

"అక్కడ కూర్చోవచ్చాండీ? కిటికీ పక్కన?"

"అయ్యో, దానికి కాలు విరిగిందండీ."

"పోనీ ఆ మూల?"

"దాని పైన జింక కొమ్ములు చూశారా? మేకు వదులైంది. మొన్న ఒకాయన సూపులో పడబోయాయి."

"తలుపు దగ్గరున్న కుర్చీ?"

"దానికి వార్నీషు వేశాం. ఇంకా ఆరలేదు. మీరు లేస్తే అదీ మీతోపాటే లేస్తుంది."

ఆ వార్నీషు కొన్నేళ్ళుగా ఆరుతూనే ఉంది. చివరికి ఆ మనిషిని మోచెయ్యి పట్టుకుని, గదిని వెచ్చబెట్టే పింగాణీ పలకల పొయ్యి పక్కనున్న పొడుగు బల్ల దగ్గరికి నడిపించుకెళ్తుంది. "మా ఇంట్లో గట్టిగా ఉన్నది ఇదొక్కటే. కాస్త జరగండయ్యా, జరగండి! ఈయన పేరేమిటో మీరే అడగండి, నాకు పనుంది."

ఈ వ్యవహారమంతా కోడలు లదీనాకి కంట్లో నలుసులా ఉండేది. ఆ పిల్లది కొండకి అవతల ఎంగదీన్ లోయ. హోటల్ నడపడం బడికెళ్ళి చదువుకుంది. పొద్దున్నే కాఫీ తాగుతూ, అతిథులు ఇంటర్నెట్‌లో రాసినవి భర్త రూపెర్ట్‌కి చదివి వినిపించేది.

"విను. 'హోటల్ బ్రహ్మాండం. భోజనం అమోఘం. పాపం, సామాను మాత్రం ఒక్కటీ సరిగ్గా లేదు.' ఇంకొకటి విను. గ్రాట్స్ నుంచి వచ్చాడే, ఆ ఇంజనీరు. 'విరగని కుర్చీ కోసం హోటలంతా వెతికాను. వచ్చే ఏడు మళ్ళీ వస్తాం.' వస్తామేమిటి? ఒక్కడే కదా వచ్చింది?"

రూపెర్ట్ సూపులోకి రొట్టె ఉండలు చుడుతూ నవ్వాడు. వాళ్ళమ్మ గురించి అతను ఎప్పుడూ ఏమీ అనడు. ఆ ఇంట్లో వంటవాడిగా బతకడానికి అదే పద్ధతని చిన్నప్పుడే నేర్చుకున్నాడు.

లదీనా ఊరుకునే రకం కాదు. ఇద్దరు పనివాళ్ళని పిలిపించి ఆ జింక కొమ్ములు మళ్ళీ బిగింపజేసింది. "అత్తయ్యా, ఇక వాటికి ఎద్దుని వేలాడదీసినా ఊడవు" అంది.

ఫిలోమెనా కొమ్ములు పట్టుకుని లాగి చూసి, "కొమ్ములు సరేనమ్మాయ్, గోడే వదులుగా ఉంది" అంది.

ఆ సాయంత్రమే కిటికీ పక్క బల్లకి కాలు విరిగిందని ఒక పెద్దమనిషిని పొయ్యి దగ్గరికి పంపేసింది. ఆ వెంటనే సాల్జ్‌బుర్గ్ నుంచి వచ్చిన కొత్త దంపతులని అదే బల్ల దగ్గర కూర్చోబెట్టి కొవ్వొత్తి కూడా వెలిగించింది.

"అత్తయ్యా! కాలు విరిగిందన్నారుగా?"

"అతుక్కుంది."

"ఇంతలోనేనా?"

"కొండల్లో పెరిగే పైన్ చెక్కమ్మా. మంచి జాతి."

శరదృతువులో ఆవులు కొండ దిగిన వారానికి గెబ్‌హార్డ్ ఫోన్ చేశాడు. బ్రెగెంజ్ వైపు పల్లెలో వడ్రంగి. ఏటా మొదటి మంచుకి భార్య ఎర్నాతో కలిసి వచ్చి, కిటికీ పక్క బల్ల దగ్గరే తినేవాడు. ఫోనెత్తింది లదీనా.

"ఎప్పటిలాగే ఆ బల్లేనమ్మా. కానీ ఈసారి ఒక్కడినే. ఎర్నా మార్చిలో పోయింది."

"తప్పకుండా ఉంచుతానండీ, నాదీ పూచీ" అని లదీనా మాటిచ్చేసింది. ఫోన్ పెట్టేసి తిన్నగా అత్తగారి దగ్గరికెళ్ళింది.

"అత్తయ్యా, మీకు దండం పెడతాను. ఈ ఒక్క మనిషి దగ్గర మాత్రం కాళ్ళూ కొమ్ములూ అనకండి. నేను మాటిచ్చాను."

"నేనెందుకంటానే?" అంది ఫిలోమెనా నొచ్చుకుని.

గెబ్‌హార్డ్ వచ్చాడు. నిరుడు గుమ్మం పట్టనంత మనిషి, ఇప్పుడు కోటులో సగం కూడా నిండలేదు. టోపీ చేత్తో పట్టుకుని కిటికీ వైపు చూశాడు. అక్కడ చిన్న బల్ల, రెండు కుర్చీలు. ఫిలోమెనా అతన్ని పై నుంచి కింది దాకా ఒకసారి చూసింది.

"దానికి కాలు విరిగిందండీ, గెబ్‌హార్డ్ గారూ."

లదీనా చేతిలోని పళ్ళెం పక్కన పెట్టి ముందుకొచ్చింది.

"విరిగిందా?" అన్నాడు గెబ్‌హార్డ్. అతని మొహంలో మొదటిసారి కాస్త కదలిక కనిపించింది. "దానిదేముందమ్మా, నేను వడ్రంగిని కదా. పనిముట్ల పెట్టె బండిలోనే ఉంది. ఇప్పుడే తెస్తాను." అని బయటికి నడిచాడు.

ఫిలోమెనాకి నోట మాట రాలేదు. హోటల్ పుట్టాక అలా జరగడం అదే మొదలు. తేరుకుని గిరుక్కున తిరిగి వంటింట్లోకి వెళ్ళింది.

"రూపెర్ట్, ఆ ఎముకలు కోసే రంపం ఇలా ఇయ్యి."

"దేనికమ్మా?"

"మాట నిలబెట్టుకోవడానికి."

రూపెర్ట్ ఇచ్చేశాడు. ఆవిడ కిటికీ పక్కన మోకాళ్ళ మీద కూలబడి బర్ర్ బర్ర్ మని కోయడం మొదలుపెట్టింది. పొయ్యి దగ్గరి అతిథులు చెంచాలు గాల్లోనే ఆపి చూస్తున్నారు.

"అత్తయ్యా! అది తాతగారు స్వయంగా చేసిన బల్ల!"

"మా మామగారు నన్నేమీ అనరు. నువ్వు ఆ చివర పట్టుకో, ఊగుతోంది."

"నేను చచ్చినా పట్టుకోను."

"అయితే గుమ్మంలో నిలబడు. ఆయనొస్తే వాతావరణం గురించి మాట్లాడు."

ఎందుకెళ్ళిందో లదీనాకే తెలియదు, వెళ్ళింది. గెబ్‌హార్డ్ పెట్టె మోసుకుంటూ వస్తున్నాడు.

"మంచు పడేలా ఉందండీ" అంది అడ్డంగా నిలబడి.

"పడుతూనే ఉందమ్మా" అన్నాడతను. టోపీ మీదా, భుజాల మీదా తెల్లగా పేరుకుని ఉంది.

"అవునా? అయితే... ఇంకా పడుతుందంటారా?"

లోపల ఠప్‌మని ఏదో విరిగింది. లదీనా పక్కకి తప్పుకుంది.

గెబ్‌హార్డ్ బల్ల దగ్గర వంగి చూశాడు. కోత తెల్లగా మెరుస్తోంది. గదంతా అప్పుడే కోసిన చెక్క వాసన. ఫిలోమెనా ఏప్రాను మీద రంపపు పొట్టు. ఆవిడ ఆయాసపడుతూ కిటికీలోంచి కొండని చూస్తోంది.

"ఎప్పుడు విరిగిందమ్మా?" అని అడిగాడు.

"చాలా రోజులైందండీ."

అతను ఆ కోతని బొటనవేలితో తడిమాడు. "అవునవును. పాత దెబ్బే. ఇది ఒక్కపూటలో అయ్యే పని కాదు."

"నేనూ అదే అనుకున్నా. అందాకా ఇటు రండి. జరగండయ్యా, జరగండి!"

అతన్ని హాలెండ్ నుంచి వచ్చిన ఒక టీచరమ్మ పక్కన ఇరికించింది. చాలాసేపు తల ఎత్తలేదతను. ఇంతలో టీచరమ్మ కత్తి తీసుకుని సూపులోని క్నోడెల్ ఉండని కోయబోయింది.

"ఆగండమ్మా!" అని గెబ్‌హార్డ్ కంగారుగా చెయ్యి అడ్డుపెట్టాడు. "దాన్ని కత్తితో కోస్తే, ఉండ రాయిలా ఉందని చెప్పినట్టే. వంటవాడు ఏడుస్తాడు. ఫోర్కుతో విడదీయాలి."

"మరి నిజంగానే రాయిలా ఉంటే?"

"అప్పుడు మనం ఏడవాలి. కానీ కోయకూడదు."

బల్లంతా గొల్లుమంది. గెబ్‌హార్డ్ కూడా నవ్వాడు. తన నవ్వు తనకే కొత్తగా వినబడ్డట్టు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ నవ్వాడు.

మర్నాడు పొద్దున కింద స్కీలు దాచే గదిలో అతను బల్లని తిరగేసి చిత్రిక పడుతుంటే లదీనా కాఫీ పట్టుకెళ్ళింది.

"మీకు మాటిచ్చి తప్పాను. మా అత్తయ్య తరఫున క్షమాపణ అడుగుతున్నా. ఆ కాలు..."

"తెలుసమ్మా. రంపం పొట్టు నా కంటపడకుండా ఉంటుందా?" అతను కప్పు అందుకున్నాడు. "నేను రావడమైతే వచ్చాను గానీ, ఎదురుగా ఖాళీ కుర్చీ పెట్టుకుని ఎలా తినాలో తెలియలేదు. సూపు తాగేసి తెల్లారగానే వెళ్ళిపోదామనుకున్నాను. బట్టల పెట్టె కూడా విప్పలేదు. ఇప్పుడు చూడు, ఆ టీచరమ్మ మధ్యాహ్నం మళ్ళీ ఉండల మీద వాదన పెట్టుకుంటానంది."

లదీనా పైకి వెళ్ళేసరికి ఫిలోమెనా దుప్పట్లు మడతపెడుతోంది. ఎదురుగా నిలబడి రెండో చివర అందుకుంది.

"అత్తయ్యా, ఒంటరిగా వచ్చినవాళ్ళకే విరుగుతుంది కదూ ఆ కాలు?"

ఫిలోమెనా దుప్పటి దులిపింది. "పెళ్ళయి మాట్లాడుకోనివాళ్ళకి కూడా."

"ఆ మాటే తిన్నగా చెప్పొచ్చుగా? ఒంటరిగా ఉన్నారు, అందరితో కూర్చోండి అని?"

"అలా అంటే ఎవరొస్తారే? జాలిపడుతున్నానని అట్నుంచి అటే పోతారు. కాలు విరిగిందంటే తప్పంతా బల్లది. మనిషికి మొహం చెల్లుతుంది."

లదీనా ఇంకో దుప్పటి అందుకుంది. దుప్పట్లు ఆ పూట చాలా చక్కగా మడతపడ్డాయి.

వారం తిరిగేసరికి గెబ్‌హార్డ్ బల్ల పైకి తెచ్చాడు. కొత్త కాలొక్కటే కాదు, రెండు పక్కలా మడతరెక్కలు కూడా పెట్టాడు. ఇద్దరు కూర్చునే బల్ల ఆరుగురికి సరిపోయేటట్టు విచ్చుకుంది.

"చెక్క మిగిలిందమ్మా" అన్నాడు.

ఫిలోమెనా చుట్టూ తిరిగి అన్ని మూలలూ నొక్కి చూసింది. ఇసుమంత కూడా కదల్లేదు. ఆవిడ మొహం చిన్నబోయింది.

"ఇంత గట్టిగా చేస్తే ఎలాగండీ? రేపట్నుంచి జనానికి నేనేం చెప్పను?"

గెబ్‌హార్డ్ నవ్వుతూ పనిముట్లు సర్దుకున్నాడు. సర్దుతూ సర్దుతూ నెమ్మదించాడు. "ఇక నాకిక్కడ పనేం మిగల్లేదు" అన్నాడు, ఎవరితోనూ కానట్టు.

"అదేమిటండీ!" అంది లదీనా గబుక్కున. "మరి కుర్చీలు? అన్నీ ఊగిపోతున్నాయి. క్రిస్మస్‌కి జనం వస్తే ఒక్కటీ నిలబడదు."

గెబ్‌హార్డ్ దగ్గరున్న కుర్చీని ముందుకీ వెనక్కీ ఊపి చూశాడు. అది రాతి కట్టడంలా నిలబడింది.

"చాలా ఘోరంగా ఉందమ్మా" అన్నాడు తల ఊపుతూ. "అన్నీ బాగుచెయ్యడానికి మంచు కరిగేదాకా పడుతుంది."

ఫిలోమెనా మాత్రం ఆ రోజంతా కోడలితో మాట్లాడలేదు. "నిక్షేపంలాంటి కుర్చీలు. అతిథి మొహం మీద అంత అబద్ధమా?" అని రూపెర్ట్ దగ్గర తెగ బాధపడింది.