ఒక సైజు పెద్ద తుపాకీ

మా ఇంట్లో మెట్ల కింద ఒక ప్రెస్ ఉంది. ఇక్కడివాళ్ళు అల్మరాని ప్రెస్ అంటారు, మాకూ అదే అలవాటైపోయింది. అందులో వాక్యూమ్ క్లీనర్ వెనకాల, పాత దుప్పట్లో చుట్టి, ఒక తుపాకీ ఉంది. భయపడకండి, నిజం తుపాకీ కాదు, ఆటది. ఎయిర్‌సాఫ్ట్ అంటారు. మిరియం గింజకన్నా కాస్త పెద్దగా ఉండే ప్లాస్టిక్ గుండ్లు పేలుస్తుంది. తగిలితే చీమ కుట్టినట్టు చురుక్కుమంటుంది, అంతే. ఏటా దసరాకి ఆయుధ పూజనాడు దాన్ని బయటికి తీసి, మా ఆయన వంట కత్తుల పక్కన పెట్టి, బొట్టు పెట్టి, మళ్ళీ దుప్పట్లో చుట్టేస్తాను. మా అమ్మాయి దాంతో ఆడింది ఒకే ఒక్క ఆదివారం.

ఆయన హోటల్లో వంటవాడు. ఆ పని మీదే ఈ దేశం వచ్చాం. ఎయిర్‌పోర్టు పక్కనే, స్వోర్డ్స్ అనే ఊళ్ళో ఉంటాం, నెత్తి మీద నుంచి విమానాలు పోతుంటే టీవీ సౌండు పెంచుకుంటూ. అమ్మాయి చిన్నప్పుడే వచ్చేసింది గనక తెలుగు అంతా అర్థమవుతుంది, నోరు తెరిస్తే మాత్రం ఇంగ్లీషే, అదీ ఇక్కడివాళ్ళ యాసలో. నాతో ఏదో ఒకటి వాగుతూనే ఉండేది గానీ, కార్లో అనే ఊళ్ళో కాలేజీకి వెళ్ళాక వాళ్ళ నాన్నతో మాటలు బాగా తగ్గిపోయాయి. శుక్రవారం ఇంటికొస్తే "తిన్నావా తల్లీ?" అనేవాడు. "యా." "బస్సులో సీటు దొరికిందా?" "యా." అంతటితో సరి. ఆయనకి ఇంకేం అడగాలో తెలిసేది కాదు, పోయి గిన్నెలు తోముకునేవాడు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. పిల్లలకి ఏది కొన్నా ఒక సైజు పైది కొనడం మా అలవాటు. పెరిగే పిల్లలు గదా, రెండేళ్ళు వస్తుందని. మా ఇళ్ళలో అందరూ అలాగే పెరిగాం, దానికి ఎవరూ ఏమీ అనుకునేవాళ్ళు కాదు. ఇక్కడ స్కూల్లో చేర్చినప్పుడు కూడా జంపరు, అంటే యూనిఫాం స్వెట్టరు, అలాగే కొన్నాం, చేతులు రెండు మడతలు వేసి పంపేదాన్ని. బూట్లలో ముందువైపు కాస్త దూది కుక్కేదాన్ని. కోటు మోకాళ్ళ కిందికి వచ్చేది. ఒకరోజు సాయంత్రం వచ్చి, "ఇది మీ మమ్మీ కోటా అని అడిగింది ఒకమ్మాయి" అంది. నేనూ ఆయనా నవ్వాం. "వచ్చే ఏడాదికి సరిపోతుందిలేవే" అన్నాడాయన. వచ్చే ఏడాది వచ్చేసరికి అది చేతుల దగ్గర చిరిగింది, ఇంకోటి కొన్నాం, దానికన్నా పెద్దది. పిల్లేమో నాన్న పోలిక, పొట్టి. అది ఎదిగి ఆ కోట్లలోకి ఎప్పుడూ రాలేదు.

ఈ తుపాకులాట దానికి కాలేజీలోనే అంటుకుంది. ఒక పాత గోడౌన్‌లో చెక్కలతో గదులూ సందులూ కట్టి, ముఖాలకి మాస్కులు పెట్టుకుని, ఆ మలుపుల్లో దాక్కుని ఆడతారట. ఒకరోజు పప్పన్నం తింటూ, తలెత్తకుండానే, "డాడ్, నువ్వూ రారాదూ ఒకసారి?" అంది. మాట ఇంగ్లీషులోనే అనుకోండి, నేను మన మాటల్లో రాస్తున్నాను.

ఆయన చేతిలో చారు గరిటె అలాగే ఉండిపోయింది. "నేనా? ఆ కాల్చుకునే ఆటకా?"

"నువ్వైతే భలే ఆడగలవు డాడ్. చిన్నగా ఉంటావు. ఎవరికీ తగలకుండా తిరుగుతావు."

అది ఎక్కడ చూసిందో నాకు తెలుసు. చిన్నప్పుడు నాకు ఒంట్లో బాగోలేక ఆస్పత్రిలో ఉంటే, ఆయన దాన్ని హోటల్ వంటింటికి తీసుకెళ్ళి ఒక మూల ఉల్లిపాయల పెట్టె మీద కూర్చోబెట్టాడు. అక్కడ ఒక్క మనిషి పట్టే సందులో నలుగురు తిరుగుతుంటారు. చేతిలో మరిగే గిన్నెతో ఎవరి వెనకన్నా పోతుంటే "బిహైండ్!" అని, మలుపు దగ్గర "కార్నర్!" అని అరవాలి. ఆయన అందులోంచి పాములా జారిపోతాడు. ఇంటికొచ్చి అది వారం రోజులు "బిహైండ్! కార్నర్!" అంటూ హాల్లో తిరిగింది.

అది పిలిచిన దగ్గర్నుంచీ ఆయన కాళ్ళు నేల మీద లేవు. బంగాళాదుంపలు చెక్కుతూ ఈలలు వేశాడు. తరవాత ఒక బుద్ధి పుట్టింది. "ఇన్నాళ్ళూ అద్దె తుపాకీతో ఆడుతోందటే. నాన్న ఉండగా అద్దెదేంటి? కొనిద్దాం."

శనివారం ముగ్గురం వెళ్ళాం. ఊరవతల ఫ్యాక్టరీ షెడ్ల మధ్య ఉంది షాపు. గడ్డం, చేతుల నిండా పచ్చబొట్లు ఉన్న మనిషి, మాట మాత్రం మహా మెత్తన. అతను ముందు అడిగింది, ఎక్కడ ఆడతావు అని. లోపలే, గదుల్లో అని చెప్పింది మా పిల్ల. అతను ఒక పొట్టి తుపాకీ తీసి గ్లాసు బల్ల మీద పెట్టాడు. గదుల్లో ఆడేవాళ్ళకి పొడుగు పనికిరాదన్నాడు, గొట్టం ముందు మలుపు దాటుతుంది, మనిషి తరవాత దాటుతుంది, ఈలోపు అవతలివాడు చూసేస్తాడు. గ్యాసుతో పేలేవి ఇక్కడి చలికి నీరసపడతాయి, బ్యాటరీది నయం. గుండు జోరు చూడక్కర్లేదు, ఈ దేశంలో ఇంతకి మించి ఉండకూడదని చట్టమే ఉంది, పైగా గదిలో అంత దగ్గర్నుంచి కొట్టడానికి జోరెందుకు? తేలిగ్గా ఉండాలి, ఏ భుజానికైనా మార్చుకునేలా ఉండాలి.

మా అమ్మాయి దాన్ని కుడి భుజానికి పెట్టి చూసింది, ఎడమ భుజానికి పెట్టి చూసింది. బ్యాగుల స్టాండు చాటు నుంచి ఇలా వంగి తొంగి చూసి, నన్ను చూసి నవ్వింది. అది అంత తేలిగ్గా నవ్వడం దాని అయిదారేళ్ళప్పుడు చూశాను, మళ్ళీ ఇప్పుడే.

ఆయన మాత్రం గోడవైపు చూస్తున్నాడు. అక్కడ ఒక పొడుగుది వేలాడుతోంది, సైనికుల చేతిలో ఉండేలాంటిది.

"ఇదేంటమ్మలూ, హెయిర్ డ్రయ్యర్‌లా ఉంది. అది చూడు, అదీ తుపాకీ అంటే."

"లోపల ఆడ్డానికి ఇదే కావాలి డాడ్."

"ఇవాళ లోపల ఆడతావు, రేపు అడవిలో ఆడాల్సొస్తుంది. అప్పుడు మళ్ళీ కొంటామా? అదైతే రెండిటికీ వస్తుంది."

"నేను అడవిలో ఆడను."

"ఆడతావులే. ముందుముందు ఆడతావు."

షాపతను నావైపు తిరిగి, ఆ అమ్మాయికి అది కాస్త పొడుగు కదమ్మా అన్నాడు. "అలవాటవుతుంది" అన్నాను నేను. నా నోట అలవాటుగా వచ్చే మాటే అది.

పిల్ల వాళ్ళ నాన్న ముఖం చూసింది. ఎంత వెలిగిపోతోందో ఆ ముఖం! కొనివ్వడమే ఆయనకి వచ్చిన మాట, ఎంత పెద్దది కొంటే అంత గట్టిగా చెప్పినట్టు. పొట్టి తుపాకీని బల్ల మీద మెల్లిగా పెట్టేసింది. "ఇట్స్ గ్రాండ్, డాడ్" అంది. ఈ దేశంలో అన్నిటికీ అదే మాట. బాగుంటే అంటారు, బాగోకపోయినా అంటారు.

షాపతను దాన్ని నల్ల సంచీలో పెట్టి, బస్సులోగానీ రోడ్డు మీదగానీ బయటికి తియ్యద్దని, చూసినవాళ్ళు నిజమనుకుని గార్డులకి, అంటే పోలీసులకి, ఫోన్ చేస్తారని మరీ మరీ చెప్పాడు.

ఆ వారంలోనే దసరా. ఆయన కత్తులన్నీ నూరి పీట మీద పేర్చి, మధ్యలో తుపాకీని పెట్టాడు. దాని ఒళ్ళంతా బొట్లే. "నిమ్మకాయ తొక్కిద్దామా?" అన్నాడు. "తొక్కించడానికి దానికి చక్రాలేవండీ, మీరే తొక్కండి" అన్నాను. పిల్ల పకపకా నవ్వి ఫొటో తీసుకుంది. ముగ్గురం కలిసి నవ్వింది అదే ఆఖరేమో అనిపిస్తుంది ఇప్పుడు తలచుకుంటే. ఆఖరు కాదనుకోండి, కానీ అలా అనిపిస్తుంది.

ఆదివారం ఆటకి నేనూ వెళ్ళాను. పైన అటకలా కట్టి, వల బిగించి, మాస్కులు ఇచ్చి చూడనిస్తారు. కింద గదులన్నీ పైకప్పు లేని పెట్టెల్లా కనిపిస్తాయి. ఆయన పొట్టి తుపాకీ అద్దెకి తీసుకున్నాడు. ఇంక చూడండి! గోడవారన ఒదిగి, మోచేతులు ఒంటికి ఆనించి, మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, సగం ముఖం పెట్టి చూసి, జారిపోయేవాడు. అలవాటు కొద్దీ ఒకసారి "కార్నర్!" అని అరిచేశాడు కూడా. అందరూ నవ్వారు. పిల్ల స్నేహితులు "మీ డాడ్ సూపరే!" అని ఆయన వీపు చరిచారు.

పిల్ల మాత్రం ప్రతి గుమ్మం దగ్గరా దొరికిపోతోంది. పైనుంచి నాకు స్పష్టంగా కనిపిస్తోంది, దానికన్నా ముందు ఆ గొట్టం గుమ్మం దాటుతోంది. అవతలివాళ్ళు దానికోసమే కాచుక్కూర్చున్నారు. వెనక్కి లాక్కోబోతే గోడకి తగిలేది, ఎడమ భుజానికి మార్చుకోబోతే ఇరుక్కునేది. గుండు తగిలిందని చెయ్యెత్తడం, బయటికి రావడం, మళ్ళీ వెళ్ళడం, మళ్ళీ చెయ్యెత్తడం. చివరికి బల్ల మీద కూర్చుని నీళ్ళు తాగుతూ ఉండిపోయింది. పొడుగు తుపాకీ ఒళ్ళో అడ్డంగా ఉంది. ఎందుకో నాకు ఆ మోకాళ్ళ కిందికి వచ్చే కోటు గుర్తొచ్చింది.

ఆయన చెమటలు కక్కుతూ వచ్చాడు. "ఏం తల్లీ, అలిసిపోయావా? ప్రాక్టీసు చెయ్యాలమ్మా."

"ఇట్స్ గ్రాండ్, డాడ్."

కారులో దారంతా ఆయనే మాట్లాడాడు. పిల్లని కాలేజీ దగ్గర దాని గదిలో దింపితే తుపాకీ తీసుకోలేదు. అక్కడ పెట్టుకోవడానికి చోటు లేదంది.

ఇంటికొచ్చి ఆయన సంచీలోంచి అది తీసి, దాన్ని ఎలా పట్టుకోవాలో ఈసారి నేర్పిస్తానని, వంటింట్లోంచి హాల్లోకి మలుపు తిరిగాడు. గొట్టం గుమ్మానికి ఠక్కున తగిలింది. వెనక్కెళ్ళి మళ్ళీ తిరిగాడు. మళ్ళీ తగిలింది. అక్కడే నిలబడిపోయాడు. "ఏమే, హోటల్ వంటింట్లో నేను పొడుగు కత్తి పట్టుకుని తిరుగుతానా?" అన్నాడు.

మర్నాడే షాపుకి పోయాడు. ఆడిన తుపాకీ వెనక్కి తీసుకోరట. పోనీ పొట్టిది వేరేగా కొంటానని పిల్లకి ఫోన్ చేశాడు. "నువ్వే వచ్చి నీక్కావాల్సింది తీసుకో అమ్మలూ" అన్నాడు. స్పీకర్లో విన్నాను, మర్యాదగానే చెప్పింది. వద్దు డాడ్, పరీక్షలున్నాయి, ఆ ఆట మానేశాను, గ్రాండ్. ఆయన మళ్ళీ ఒకసారి అడిగాడు, సంక్రాంతి అయ్యాక అనుకుంటా. మళ్ళీ గ్రాండే. మానేసిందో, అద్దెదానితో ఆడుకుంటోందో మాకు తెలియదు. ఆయన్ని మాత్రం మళ్ళీ రమ్మని పిలవలేదు. పిలుస్తుందేమోనని చాన్నాళ్ళు ఆదివారాలు సెలవు పెట్టుకున్నాడు, నాకు చెప్పకుండా.

ఇప్పుడు పిల్లకి శాండీఫోర్డ్‌లో ఉద్యోగం. స్నేహితురాళ్ళతో అక్కడే ఇల్లు తీసుకుని ఉంటోంది. రెండు మూడు వారాలకోసారి వస్తుంది, తింటుంది, డబ్బాల్లో కూరలు పట్టుకెళ్తుంది. మంచిపిల్లే, ఒక్క మాట దెప్పదు. దెప్పినా బాగుండును. ఆయన మోకాళ్ళు అరిగిపోయాయి, మెట్లెక్కడమే కష్టం, పరుగులు వద్దని జీపీ, మా డాక్టరు, గట్టిగా చెప్పాడు. ఇప్పుడు పిలిచినా వెళ్ళలేడు.

మొన్న చలి మొదలయ్యాక డ్యూటీ దిగి బట్టల షాపు నుంచి ఫోన్ చేశాడు. "ఇదిగో, అమ్మాయికి మంచి కోటు కనిపించింది. ఎర్రది. దాని సైజెంత?"

పుట్టినప్పటినుంచీ దానికి బట్టలు కొన్నదాన్ని నేనే. కొన్నవన్నీ పైసైజే. అసలు సైజెంతో ఎప్పుడైనా అనుకున్నామా?

"నాకు తెలియదండీ" అన్నాను.

"నీకూ తెలియదా?"

"దానికే ఫోన్ చేసి అడగండి."

అవతల షాపులో పాట వినిపిస్తోంది. "అడిగితే వద్దంటుందే" అన్నాడు. "గ్రాండ్ అంటుంది."

చీకటిపడ్డాక వచ్చాడు. చేతిలో సంచీ లేదు. కాళ్ళు కడుక్కుని వస్తే అన్నం వడ్డించాను.