చేపల పులుసు మీద పడ్డ నింద

కరోనా రెండో వేవ్ సద్దుమణిగిన ఏడాది. అనకాపల్లిలో ఒక ఆస్పత్రి ఓపీలో నేను స్టాఫ్ నర్సుని. కామెర్లంటే ముందు పసరుకి వెళ్ళి, అది పని చేయకపోతేనే మా దగ్గరికి వస్తారు ఇక్కడి జనం. ఆ వరస చూసి చూసి నాకు విసుగొచ్చేసింది, దాచుకోవడం దేనికి.

దేవరాపల్లి వైపు నుంచి చెరకు రైతులు, అన్నదమ్ములు వచ్చారు. జ్వరానికి ఊళ్ళో అందరికీ వాడే ఒకే సూదితో ఇద్దరూ ఇంజెక్షన్ చేయించుకున్నారట. ఇద్దరికీ హెపటైటిస్ బి. ఇద్దరూ తాగింది ఒకే పసరు. ఆర్నెల్ల తర్వాత రక్తపరీక్ష చేస్తే అన్న అప్పలరాజులో వైరస్ లేదు, తమ్ముడు నూకరాజులో ఉండిపోయింది. డాక్టరుగారు తమ్ముడికి రోజూ వేసుకోమని మాత్ర రాసి, సొంతంగా మానేస్తే లివర్ పాడవుతుందని మరీ మరీ చెప్పారు.

వాళ్ళమ్మ సన్యాసమ్మకి ఆ మాత్ర మీద నమ్మకం కుదరలేదు.

"పెద్దోడు ఏ మాత్ర మింగేడమ్మా? పసరుతోనే తగ్గింది. ఈడు పథ్యం తప్పేడు. ఇదే తప్పించింది" అని పక్కనున్న కోడల్ని చూపించింది.

కోడలు వరలక్ష్మిది కొండకర్ల. పుట్టింటివాళ్ళు అక్కడి ఆవలో, ఆ పెద్ద మంచినీటి సరస్సులో పట్టిన చేపలు పంపితే, మొగుడు అడిగాడని ఒక పూట పులుసు పెట్టింది. అదీ ఆమె చేసిన నేరం.

నేను హెచ్ఎల్ఏ జన్యువుల గురించి చెప్పాను. ఒంట్లో చేరిన వైరస్‌ని రక్షణ కణాలకి పట్టి చూపించేవి అవే. "ఇద్దర్నీ నువ్వే కన్నావు కదమ్మా. ఒకడికి నీ ముక్కు వచ్చింది, ఒకడికి వాళ్ళ నాన్నది. లోపల రోగాన్ని గుర్తుపట్టే శక్తీ అంతే. ఇంకా కారణాలుంటాయి గానీ, చేపలు మాత్రం కాదు."

సన్యాసమ్మ మొహం మాడిపోయింది. "అయితే నా కడుపుదే తప్పంటావేటి?"

తప్పు ఎవరిదీ కాదన్నాను. ఆవిడ చెవికెక్కలేదు. ఎవరో ఒకరి తప్పు కావాలి, కోడలు ఎదురుగా ఉంది.

నూకరాజు మాత్రలు మానేసి మళ్ళీ పసరుకే వెళ్ళాడు, ఈసారి కటిక పథ్యంతో. మా దగ్గరికి తిరిగొచ్చేసరికి పొట్ట నిండా నీరు, మాట తడబాటు. మా వార్డులోనే పోయాడు. నాకు ఏడుపు కన్నా కోపమే ఎక్కువ వచ్చింది. ఎవరి మీద చూపించను?

దినాలయ్యాక వరలక్ష్మి ఒక్కతే పరీక్షకి వచ్చింది. రిపోర్టు చూసి ప్రాణం లేచొచ్చింది నాకు. మొగుడి నుంచే కాబోలు, వైరస్ ఆమెకీ ఎప్పుడో సోకింది. ఆమె ఒళ్ళు దాన్ని తరిమేసింది, మళ్ళీ రాకుండా కాపాడే యాంటీబాడీలూ ఉన్నాయి.

"నీకేం భయం లేదమ్మా. వచ్చింది, పోయింది" అన్నాను.

ఆమె నవ్వలేదు. "ఈ మాట మా అత్తకి సెప్పకండి సిస్టర్. సేపలెట్టినందుకే ఇన్నేసి మాటలంటన్నాది. నాకూ వచ్చి తగ్గిపోయిందని తెలిస్తే, ఆయనకి నేనే అంటించేనంటాది."

చెప్పనన్నాను. ఒకే వైరస్ ఒకర్ని వదిలి ఒకర్ని ఎందుకు చంపుతుందో నాకిప్పుడు కొంత తెలుసు. అంత తెలిసీ ఆ పిల్లకి నేను చేయగలిగింది, తను బాగుందన్న సంగతి దాచిపెట్టడం.