పన్నెండిళ్ళ గోడలు, నా జాజు అక్షరాలు

నేను ఇంతవరకూ ఏదీ రాసినదాన్ని కాదు. మా అన్నకి ఏడాదికి రెండు కార్డు ముక్కలు, సెంటరు రిజిస్టర్లో హాజరు, అంతే నా రాత. చదివింది అయిదో తరగతి. మొన్న నరసరావుపేట మీటింగులో సూపర్‌వైజరమ్మ గారు, వయోజన విద్య సెంటర్లు నడిపే ఆడవాళ్ళం తలా ఒకటి రాయాలన్నారు. పెద్దవాళ్ళకి విసుగు పుట్టకుండా అక్షరాలు ఎట్టా నేర్పుతున్నారో, ఏం ఉపాయాలు చేశారో రాస్తే, అన్నీ కలిపి అచ్చు తీసి సెంటర్లన్నిటికీ పంచుతారంట. మిగతావాళ్ళు పాటలు కట్టామనీ బొమ్మలు చేశామనీ రాస్తారు. నేను మాత్రం మీరెవరూ చెయ్యకూడని ఉపాయం ఒకటి రాస్తున్నా. అది చేసినందుకు నాకు ఇప్పటికీ నడుం పట్టేసే ఉంది.

మాది గురజాల నించి కారంపూడి పోయే రోడ్డు పక్కనే. వాడలో ముప్పై ఇళ్ళుంటాయి. సగం ఇళ్ళు రోడ్డు పోరంబోకులోనే కట్టుకున్నారు. సెంటరు మా ఇంటి వసారాలో. మిరపకోతలు అయిపోయినాక మధ్యాన్నం పూట క్లాసు పెట్టా. రిజిస్టర్లో పన్నెండు మంది. వచ్చేది అయిదుగురు. ఆ అయిదుగురిలో మెలకువగా ఉండేది ఇద్దరు.

వాళ్ళని అనడానికి లేదు. తెల్లారకముందు లేచి ఊడ్చి, వండి, కూలికి పోయి వచ్చి, ఎండలో నా ముందు కూచుంటే కళ్ళు మూతలు పడక ఏం చేస్తాయి. నాకే ఆవలింతలు వస్తాయి, పలక అడ్డం పెట్టుకుంటా. వాచకం తీసి మొదటి పేజీలో అమ్మ బొమ్మ చూపిస్తే వెంకాయమ్మ పిన్ని నవ్వింది. ఎనిమిది మందిని కన్నదానికి అమ్మ బొమ్మ చూపిస్తావేందే అంది. నేను వాచకం మూసేశా.

తర్వాత చింతపిక్కలు తెచ్చి, వాటితో అక్షరం పేర్చమన్నా. ఇది చానా బాగుందన్నారు. నేను లోపలికి పోయి మంచినీళ్ళు తాగి వచ్చేసరికి ఆ పిక్కలతోనే వామనగుంటలు ఆడుతున్నారు. ఆ రోజు మాత్రం ఒక్కళ్ళూ నిద్రపోలేదు.

ఒక రోజు సూపర్‌వైజరమ్మ గారు వచ్చేసరికి ముగ్గురున్నారు, ఒకామె గోడకి ఆనుకుని గుర్రు పెడతా ఉంది. ఆవిడ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "శుక్రవారం మళ్ళీ వస్తాను కోటమ్మ గారూ. పది మంది లేకపోతే సెంటరు వేరే ఊరికి ఇచ్చేయాల్సి వస్తుంది" అన్నారు, నెమ్మదిగా.

కోటమ్మ గారూ అని నన్ను పిలిచేది ఆవిడొక్కతే. ఈ సెంటరు రాకముందు వాడలో నేను ఫలానా ఆయన పెళ్ళాన్నే. నలుగురిలో గొంతు పెగలని మనిషిని. అట్టాంటి నా దగ్గరికి ఉత్తరం చదివించుకోడానికి మనుషులు రావడం ఈ నాలుగు నెలల నించే. అది పోతే మళ్ళీ నేను పొయ్యి దగ్గరికే.

అందుకని బుర్ర చించుకుని ఒక ఉపాయం పట్టా. వాళ్ళు అక్షరం దగ్గరికి రాకపోతే అక్షరాన్నే వాళ్ళింటికి పంపిద్దాం అనుకున్నా. ఒక్కొక్కళ్ళ ఇంటి గోడ మీద, తలుపు పక్కన, వాళ్ళ పేరులో మొదటి అక్షరం మూరెడంత రాస్తే! వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ అదే కళ్ళ పడతది. ఇదేందని వాళ్ళే వచ్చి అడుగుతారు. ఇంత మంచి ఉపాయం నాకెట్టా వచ్చిందా అని నాకే ముచ్చటేసింది.

బుధవారం వాడంతా పక్క ఊళ్ళో పెళ్ళికి పోయింది. నేను తలనొప్పి అని ఉండిపోయా. అందరి ముందూ రాయాలంటే నాకు సిగ్గు, ఎవరన్నా చూసి నవ్వితే చెయ్యి ఆడదు. గడపలకి పూసే జాజు ఇంట్లో మిగిలుంటే నీళ్ళలో కలిపా. మిట్టమధ్యాన్నం, కుక్క కూడా లేని వేళ, పన్నెండిళ్ళ తెల్లగోడల మీద పన్నెండు అక్షరాలు ఎర్రగా రాసి, చేతులు కడుక్కుని, వచ్చి హాయిగా పడుకున్నా.

ఒక్క సంగతి మర్చిపోయా. రెండేళ్ళ కిందట పై ఊళ్ళో రోడ్డు వెడల్పు చేసేటప్పుడు రోడ్డోళ్ళు ముందుగా వచ్చి గోడల మీద ఎర్ర గుర్తులే పెట్టిపోయారు. నెల తిరిగేసరికి ఆ ఇళ్ళకి వసారాలు లేవు.

సాయంత్రం బస్సు దిగిన జనం అరుపులకి నాకు మెలకువ వచ్చింది. వెంకాయమ్మ పిన్ని మొగుడు రోశయ్య బాబాయి, మనం లేంది చూసి రోడ్డోళ్ళు వచ్చి గుర్తులు పెట్టిపోయారని కేకలేస్తున్నాడు. అది అక్షరమని పోల్చుకునేంత చదువు వాడలో ఎవరికీ లేదు, నా క్లాసు వాళ్ళకి కూడా. సైకిల్ షాపు సైదా ఒప్పుకోలా. రోడ్డోళ్ళయితే టేపు పట్టుకుని వరసగా పెడతారు, ఇట్టా అక్కడొకటీ ఇక్కడొకటీ పెట్టరు, ఇది సర్కారు పక్కా ఇళ్ళ లిస్టు అన్నాడు. గుర్తున్నోళ్ళకే ఇళ్ళంట, అని ఆ మాట అరగంటలో వాడ చివరిదాకా పోయింది.

ఇంక చూడండి. గుర్తున్నోళ్ళల్లో సగం మంది సామాను బయటికి చేరేస్తున్నారు. గుర్తు లేనోళ్ళు మాకెందుకు లేదని ఏడుస్తున్నారు. అంకమ్మ అని, నేను ఎన్నిసార్లు పిలిచినా క్లాసుకి రాని మనిషి, ఎక్కడ సంపాదించిందో ఇంత జాజు కలిపి, పక్కింటి మస్తాన్‌బీ గోడ మీది 'మ' ని చూసి తన గోడ మీద దించేసింది. ఆమెని చూసి మిగతావాళ్ళు. దీపాలు పెట్టే వేళకి వాడలో అక్షరం లేని ఇల్లు లేదు. నిజం చెప్పొద్దూ, నా దగ్గర నాలుగు నెలలు కూచున్నోళ్ళ కంటే వాళ్ళే గుండ్రంగా రాశారు.

నేను తలుపు చాటున నిలబడి ఇదంతా వింటున్నా. మా ఆయన వచ్చి అన్నానికి కూచుని సంగతంతా చెప్పాడు. నేను వడ్డిస్తున్నా. ఆయన నా చెయ్యి చూసి, గోళ్ళకేందే ఆ ఎరుపు అన్నాడు. గోరింటాకు అన్నా.

నేనే అని చెబితే రేపటి నించి ఒక్క ఆడమనిషిని కూడా మా గడప తొక్కనివ్వరు, శుక్రవారం ఖాళీ వసారా చూసి సెంటరు ఎత్తుకుపోతారు. చెప్పకపోతే ఎట్టాగో సద్దుమణుగుద్దిలే అనుకుంటా గిన్నెలు కడుగుతున్నా. అప్పుడు పెంకు పగిలిన చప్పుడు. ఆ వెంటనే ఇంకోటి. బయటికి వచ్చి చూస్తే రోశయ్య బాబాయి ఇంటికప్పు మీదున్నాడు. రోడ్డోళ్ళు వస్తే అన్నీ పగలగొడతారు, ముందే దించుకుంటే కొన్నన్నా మిగులుతాయని పెంకులు పీకి కింద వాళ్ళకి అందిస్తున్నాడు. ఒక మూల ఆకాశం కనపడతా ఉంది.

ఇంక ఉండలేకపోయా. కొంగు తల మీదికి లాక్కుని, అంతమంది మగాళ్ళ మధ్య నించి పోయి వెంకాయమ్మ పిన్ని పక్కన నిలబడ్డా. అందరికీ వినపడేటట్టే చెప్పా.

"పిన్నీ, బాబాయిని దిగమను. ఆ గుర్తు నేను పెట్టింది. అది నీ పేరులో మొదటి అక్షరం."

పిన్ని నా వంక చూసింది. గోడ వంక చూసింది.

"నా పేరా? ఇంతుంటదా?"

తర్వాత కప్పు వైపు తలెత్తి, "దిగవయ్యా దిగు. కొంప కూలగొడతంది సర్కారు కాదు, నువ్వే" అంది.

సైదా నవ్వు ఆపుకోలేక షాపులోకి పోయాడు. ఇళ్ళు పోతాయని భయపడినోళ్ళు నన్ను తిట్టారు గాని, మనసులో కుదుటపడ్డట్టే ఉన్నారు. పక్కా ఇళ్ళు వస్తాయని ఆశపడినోళ్ళే మండిపడ్డారు. నోటి దాకా వచ్చిన ఇల్లు నీ వల్ల పోయింది అని అంకమ్మ, నేనేదో ఆ ఇంటి తాళం దాచుకున్నట్టు, చెంగు దోపి మీదికి వచ్చింది. ఆమె మొగుడు, ఈ వాడ నించి ఎవతె ఆ బడికి పోద్దో చూస్తానన్నాడు. రేపటికల్లా మా గోడలు మాకు తెల్లగా ఉండాలన్నాడు. నేను తల ఊపా. తల ఊపడానికి గొంతు అక్కర్లేదు గదా.

ఇంటికి వచ్చి గడప దాటాక మా ఆయన, గోరింటాకు బాగా పండింది అన్నాడు.

మర్నాడు పొద్దున్నే తడిగుడ్డ తీసుకుని బయల్దేరా. రుద్దితే జాజు పోలా, గోడంతా పులుముకుని గులాబీ రంగయింది. ఇంక లాభం లేదని కుండలో సున్నం కలుపుకుని కుంచె పట్టా. రాసింది పన్నెండు, కొట్టాల్సింది ముప్పై. వెంకాయమ్మ పిన్ని తన గోడ ముట్టుకోనివ్వలా. నాది నాకుండనీ అని అడ్డం నిలబడింది. రోశయ్య బాబాయి కప్పు మీద నించి, మళ్ళీ పెంకులు పరుచుకుంటా, నా వంక చూడను కూడా చూడలా.

అంకమ్మ ఇంటి దగ్గరికి పోతే ఆమె గడపలో కూచుని ఉంది. మొగుడు పొలం పోయినట్టున్నాడు. నేను కుంచె ఎత్తా. ఆగమంది.

"తుడిస్తే తుడిచావు గాని, నేను రాసిందేందో ముందు చెప్పు."

"'మ'. మస్తాన్‌బీ పేరు."

"నా గోడ మీద దాని పేరేంది? నాది రాయి."

నాకు ఎక్కడ నించి వచ్చిందో తెలియదు ధైర్యం. నేను రాయను వదినా, మధ్యాన్నం వచ్చి నువ్వే నేర్చుకుని రాసుకో అన్నా. వస్తాలే, ఆయనకి నేను చెప్పుకుంటా అంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అప్పుడు, ముందు గోడ ఒక్కటే తెల్లగా ఉంటే వెనకది మసిబొగ్గులా కనపడతది గదా, అది కూడా కొట్టిపో అంది.

కుంచె ముంచుకుని వెనక్కి పోయా. కొట్టి తిరిగి చూస్తే ఇంకో నలుగురు ఆడాళ్ళు నిలబడున్నారు. వాళ్ళు కూడా క్లాసుకి వస్తారంట. వాళ్ళకి వెనక గోడలే కాదు, వంటిళ్ళు కూడా ఉన్నాయంట. శుక్రవారానికి పది మంది కావాలి. నేను ఇంటికి పోయి ఇంకో కుండ సున్నం కలుపుకుని వచ్చా.