వరి అని రాసిన రొయ్యలగుంట

అల్లూరుకు తూర్పున, సముద్రపు గాలి నేరుగా తగిలే మా ఊళ్లో, ఆదిశేషమ్మకు ఎకరన్నర భూమి ఉంది. భర్త చనిపోయిన ఏడాది అందులో ఎకరాన్ని హజరత్తయ్యకు కౌలుకిచ్చింది. ఆయన దానిని పక్కనున్న తన ఎనిమిది ఎకరాలతో కలిపి రొయ్యలగుంట తవ్వించాడు. మిగిలిన అరెకరంలో ఆమె వరి పండించుకొనేది.

కరోనా రెండవ ఏటికి గుంటలోని ఉప్పు గట్టు దాటింది. నారు కొసలు ఎర్రబారాయి. ఆమె అర్జీ పెట్టుకొన్నది. రికార్డుల ప్రకారం ఆ చుట్టుపక్కల గుంటలే లేవని, అంతా వరిపొలమేనని జవాబు వచ్చింది.

కారణం ఊరందరికీ తెలుసు. కరోనా కష్టకాలానికని సర్కారు ఇచ్చిన సాయం వరి వేసినవారికే వచ్చింది. అందుచేత గుంటలన్నీ కాగితంమీద వరిపొలాలుగానే నిలిచిపోయాయి. ఆదిశేషమ్మ కౌలుకిచ్చిన ఎకరమూ అంతే. ఆ సాయం ఆమె ఖాతాలోనే పడింది. ఆమె తీసుకొన్నది కూడా.

తరువాత సాయం అందినవారి పేర్లు గ్రామ సచివాలయం గోడమీద అతికించి, అభ్యంతరాలు వినడానికి గ్రామసభ పెట్టారు. పైన 'లబ్ధిదారులు' అని పెద్దక్షరాలు. సంస్కృతపదానికి పారసీక ప్రత్యయం తగిలించిన ఆ మాటను ముప్పయ్యేళ్లపాటు పిల్లల వ్యాసాల్లో కొట్టివేశాను. నేను పదవీవిరమణ చేశాను, అది మాత్రం కొలువులోనే ఉంది. సరే, చెప్పవచ్చినది అది కాదు.

వ్యవసాయ సహాయకురాలు సుప్రియ, ఒకప్పటి నా విద్యార్థిని, పేర్లు చదువుతున్నది.

"ఆదిశేషమ్మ, ఎకరన్నర, వరి. అభ్యంతరం ఉందా?"

"ఆమె మీద ఎవురికుంటాది? బంగారట్టాంటి మనిషి. ముందుకు పో పాపా," అన్నాడు హజరత్తయ్య.

ఆదిశేషమ్మ లేచింది. "నాకుండాది."

జనం గొల్లుమన్నారు. "నీ పేరుమీద నీకే అభ్యంతరమా! మాస్కు తీసి చెప్పు మేయ్, కరోనా గాని తలకెక్కిందేమో!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

"నాకుండే వరి అరెకరమే. ఆ ఎకరా రొయ్యలగుంట."

నవ్వులు ఆగిపోయాయి. హజరత్తయ్య గొంతు పెంచలేదు. "ఆదిశేషక్కా, కూర్చో. వచ్చే ఏడు కౌలు సంగతి ఇంటికాడ మాట్లాడుకుందాం."

ఆ మాటకు అర్థం అక్కడున్న పసిబిడ్డకైనా తెలుసు. ఆమె ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ కౌలుతోనే.

సుప్రియ గొంతు తగ్గించింది. "పెద్దమ్మా, గుంట అని రాస్తే నీకొచ్చిన డబ్బులు వెనక్కి కట్టాల. తెలుసు గదా?"

"తెలుసమ్మా. ఆ డబ్బులు మోటారు బాగుకు పెట్టేసినా. కూలికి పొయ్యన్నా కడతా." ఆమె సుప్రియ చేతిలోని కాగితం వైపు వేలు చూపించింది. "గుంట ఉండాదని సర్కారు కాగితంలో లేకపోతే, నా నారు ఎందుకు మాడిందని ఎవుర్ని అడిగేది? రాయి."

సుప్రియ పైఅధికారి వైపు చూసింది. ఆయన ఫోను చూసుకొంటున్నాడు. ఆమె 'ఎకరన్నర'ను అరెకరంగా దిద్ది, పక్కన 'ఒక ఎకరం రొయ్యలగుంట' అని రాసింది.

సర్వే నంబర్ల వరుసలో తరువాతిది ఆ పక్క పొలం. సుప్రియ హజరత్తయ్య వైపు చూడకుండానే చదివింది.

"హజరత్తయ్య. ఎనిమిది ఎకరాలు, వరి. అభ్యంతరం ఉందా?"

ఆదిశేషమ్మ ఇంకా కూర్చోలేదు.