బొట్టు పెట్టిన ఎలుకల లెక్క

ఆ రోజుల్లో మా రూపనగుడికి ఏ కబురైనా బళ్లారి బస్సులోనే దిగేది. చేనులోని ఎలుకలన్నిటినీ పట్టకుండానే అవి ఎన్నో చెప్పే లెక్క ఒకటి ఉందన్న కబురు నాకు మొదట తెచ్చింది మా చిన్నమామ, అమ్మకు తమ్ముడు. బడి గడప తొక్కని నాకు భిన్నాల దాకా నేర్పింది ఆయనే (ఆయనకు మనసులో దండం పెట్టుకోకుండా ఈనాటికీ కలం పట్టను). సర్కారు ఆఫీసులో ఆయనది తాత్కాలిక ఉద్యోగం. మా జొన్నచేలో ఎలుకలెన్నో తేల్చి రాస్తే ఖాయం చేస్తామన్నారట.

“నలభై పట్టి, గుర్తు పెట్టి ఇడిసిపెడ్తాం పాపా. నాల్గు దినాలకి మళ్లా బోన్లు పెడ్తాం. పడినవాట్లో నాలుగోవంతు గుర్తువి ఉంటే, మన నలభై కూడా మొత్తంలో నాలుగోవంతే. అప్పుడు చేన్లో ఎన్ని?”

“నూట అరవై మామా!” అన్నాను. అప్పుడే ఉద్యోగం ఖాయమైపోయినట్టు మురిసిపోయాడు.

తీరా చూస్తే గుర్తుకు తెచ్చిన రంగుసీసా బస్సులోనే పగిలింది. కుంకుమను ఆముదంలో కలుపుదామన్న గొప్ప ఉపాయం నాదే. మామ గోనెపట్టాతో ఎలుకను అదిమి పట్టుకుంటే నేను వేలితో పూశాను. వీపు మీదో తోక మీదో పూయవచ్చు కదా! చేతికి అలవాటైన చోటు నుదురాయె. నలభై ఎలుకలకూ గుండ్రంగా బొట్లు పెట్టి, ముత్తైదువలను సాగనంపినట్టు సాగనంపాను.

నాలుగు రోజుల తర్వాత బోన్లు పెట్టి, మర్నాడు పొద్దెక్కాక వెళ్లి చూశాం. ముప్పై ఎలుకలు. ఒక్కదానికీ బొట్టు లేదు. కొన్ని బోన్లలో ఎర మాత్రం మాయం. మామ పలక మీద రాశాడు, చెరిపాడు, మళ్లీ రాశాడు.

“గుర్తువి సున్నా. సున్నాతో భాగించాల! ఏమని రాసేది పాపా? రూపనగుడిలో ఎలకలకి అంతే లేదనా?”

ఆఫీసుకు లెక్క అందించాల్సిన గడువు ఆ మరుసటి రోజే. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఇంతలో మజ్జిగచెంబుతో అవ్వ వచ్చింది, మామకు కన్నతల్లి.

“బొట్టు పెట్టినవాట్ని బోన్లో ఉంచుతారేంరా, పాపం తగల్దా? గణపతికి ఇడిసినవి గదా అని తెల్లారుతూనే వచ్చి, దండం పెట్టి, ఒక్కొక్కదాన్నీ ఇడిసిపెడ్తి.”

అవ్వ విడిచినవి ఎన్నో తెలిస్తే లెక్క బతికిపోతుంది. మామ ఆశగా లేచి నిలబడ్డాడు. “ఎన్ని ఇడిసినావమ్మా?”

“దేవుని జీవాల్ని యాడన్నా లెక్కపెడ్తారేంరా!”

మామ పెద్దగా నవ్వాడు. నవ్వు ఆగాక ఆ ముఖం చూడలేకపోయాను. ఏదో ఒక సంఖ్య వేసెయ్యమన్నాను (దేవుడు నన్ను మన్నించుగాక).

“లేని ఎలకల్ని మనం పుట్టిస్తామా?”

“పోనీ, అవ్వ ఇడిసిందని రాయి.”

“మాయమ్మను కాగితంలోకెక్కించి పని నిలబెట్టుకోవాలా పాపా?”

తప్పు తనదేనని రాసిచ్చాడు. ఆఫీసరు “ఏనప్పా, తమాషా మాడ్తీయా?” అని కన్నడంలో గద్దించి, ఆ వారంలోనే ఇంటికి పంపేశాడు. మామ సండూరు ఇనుపగనుల్లో గుమాస్తాగా చేరి, ఆ ఎర్రదుమ్ములోనే ముసలివాడయ్యాడు. ఎలుకలను విడిచిన పుణ్యం వల్లే కొడుక్కు గనుల్లో పని దొరికిందని అవ్వ చివరిదాకా నమ్మింది. నేను కాదనలేదు. బొట్టు నుదుటే ఎందుకు పెట్టావని మామ కూడా నన్ను ఒక్కనాడూ అడగలేదు.

వేలు కొరికించుకుంటూ ఎలుకలకు వంకర లేకుండా బొట్లు దిద్దిన ఆ పిల్లను తలచుకుంటే, నాకిప్పుడు కోపం రాదు, నవ్వే వస్తుంది. మీరు నన్ను మరచిపోయినా ఫరవాలేదు. దేవుడి ముందు దీపం పెట్టినప్పుడు, ఒక్కసారి మా చిన్నమామను తలచుకోండి.